అమెరికా గూడుబండి



గూడుబండి యననేమో మన పల్లెలలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరచి, దానిపై జంపకానము వేసి, పిల్లలను ముసలివారిని కూర్చుండబెట్టుకొని తిరునాళ్లకు పోయెడి బండి అది. నా చిన్ననాట మా తండ్రిగారు బండి కదలుటకు ముందు, సామాను సర్దిన పిమ్మట, నొగను ఒకమారు చేతితో ఎత్తి చూచెడివారు. ముందు బరువెక్కువైనచో ఎడ్ల మెడలు పుండ్లగును. వెనుక బరువెక్కువైనచో కాడి మీదికి లేచి పలుపు వాని గొంతులు పట్టును. ఆ నొగ యెత్తి చూచు పనిని ఏబది యేండ్లకు పైగా మరచియుంటిని. అది మరల జ్ఞప్తికి వచ్చినది అమెరికాదేశమున. ఆ వృత్తాంతమే నేటి నా ప్రసంగము.

నా కుమారుడు కొలరాడో రాష్ట్రమున డెన్వరు నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట నేను అతని యింట నాలుగు మాసములుంటిని. నా భార్య గతించిన పిదప నేను ఇల్లు కదలుట అదియే మొదలు. తండ్రి మనస్సును ఎట్లైనను తేటపరుపవలెనని కుమారుని తాపత్రయము. అందులకై అతడు పూనుకొన్న సాధనమే ఈ గూడుబండి.

దాని స్వరూపము వినుడు. మన ఊళ్లలో కూరగాయలు, ఎరువుల మూటలు వేసికొని పోవు చిన్న మోటారుబండ్లు చూచుచున్నారు గదా. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక తెరచియున్న తొట్టి. దానినే పికప్ అందురు. ఆ తొట్టిమీద అల్యూమినియముతో చేసిన గూడొకటి బిగింతురు. గూటికి పైన మూత. మూత ముందరి అంచున కీలుండును. వెనుక రెండు కొక్కెములు విప్పి చేతితో కొంచెము పైకి నెట్టినచో, లోపల వాయువు నింపిన రెండు గొట్టములు దానిని తామే లేపి నిలుపును. మూత లేచినంతట చుట్టును మడిచియున్న గట్టి గుడ్డ గోడలవలె విచ్చుకొనును. ఆ గుడ్డకు కిటికీలు, దోమతెరలు ఉండును. మీద ఇద్దరు పండుకొనుటకు పలక, క్రింద తొట్టిలో మరియొకరికి చోటు. తెల్లవారి మూత దించి కొక్కెములు వేసినచో బండి మరల పొట్టిదగును. గాలికి ఎదురొడ్డదు, ఇంటి కొట్టములో పట్టును. కొక్కెము వేయుట మరచి బయలుదేరినవాని గతి మాత్రము చెప్పనలవికాదు.

ఇట్టి బండ్లయందు తిరుగుట ఆ దేశమున క్రొత్త సంగతి కాదు. స్టైన్‌బెక్ అను గొప్ప నవలాకారుడు 1960లో పికప్ బండిమీద చిన్న గది కట్టించుకొని, ఒక కుక్కను తోడుగా తీసికొని, దేశమెల్ల చుట్టివచ్చి, 1962లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను. డాన్ క్విక్సోట్ కథానాయకుని బక్కగుఱ్ఱము పేరైన రోసినాంటే యను నామమును తన బండికి పెట్టుకొనెను. ఆ బండిని నేటికిని కాలిఫోర్నియాలో అతని జన్మస్థలమగు సలీనాసులో భద్రపరచియున్నారు. పండితుడు వాహనమునకు పేరు పెట్టుట నాకు మిక్కిలి నచ్చినది. మా మనుమడు తమ బండికి ఐరావతమని పెట్టెను. ఆ పేరు పెట్టుటలోనే కొంత తప్పు జరిగినదేమో. ఏనుగు మోయునంత సామాను దానిమీదికి ఎక్కినది.

నా కుమారుడు వడ్రంగపు పనిముట్లు కొని రెండు నెలలు తొట్టిలో శ్రమించెను. దళసరి చెక్కతో పడకబల్ల, దాని క్రింద లాగెడి రెండు పెద్ద సొరుగులు, 75 లీటర్ల నీటి తొట్టి, చిన్న శీతలపేటిక, దానిని నడుపుటకు లిథియము బాటరీ, కప్పుమీద ఎండకు విద్యుత్తునిచ్చు పలక, వెనుక పెట్రోలు డబ్బా. ప్రతి వస్తువును తెచ్చినప్పుడెల్ల దాని బరువును ఒక పుస్తకములో వ్రాసికొనెను. అంతవరకు ప్రశంసింపదగినదే. కాని ఆ అంకెలను ఎన్నడును కూడలేదు. నలుబదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాని కుమారుడు!

మే నెలలో నేను, అతడు, పండ్రెండేండ్ల మనుమడు యూటా రాష్ట్రములోని మోయబు అను ఊరికి బయలుదేరితిమి. డెన్వరు సముద్రమట్టమునకు 5,280 అడుగుల ఎత్తు. అచ్చటినుండి రాకీ పర్వతములనెక్కి, 11,000 అడుగులకు పైనున్న ఐసెన్‌హోవరు సొరంగముగుండా ఆవలికి దిగవలెను. ఎక్కునంతసేపు బండి ఏడ్చుచు ఎక్కినది. సొరంగము దాటినంతనే నిలువు దిగుడు. నూరడుగులు సాగినచో ఏడడుగులు దిగును. పట్టు తప్పిన లారీలు ఎక్కి నిలుచుటకై ఆ దారి ప్రక్కన కంకర పోసిన ఎగుడుబాటలు కట్టియుంచినారు. వానిని చూచుచు మనుమడు "తాతగారూ, అవి యెందుల"కని యడుగుచుండగా నాకు కాలిన వాసన తగిలినది. కుమారుడు బ్రేకు తొక్కిన కాలు తీయలేదు. బండి ఆగుచున్నట్లే యుండి ఆగకున్నది. అతని చేతుల వ్రేళ్లు తెల్లబడుట చూచితిని. నేను మాటాడలేదు. చిన్న గేరు వేసి, యంత్రము రొదపెట్టగా, ఎట్లో క్రింది ఊరు చేరి నిలిపెను. చక్రములనుండి సన్నని పొగ వచ్చుచుండెను. గంటసేపు ఎవ్వరము పెద్దగా పలుకలేదు.

చల్లారిన తరువాత మెల్లగా సాగి, గ్రాండ్ జంక్షన్ చేరువ పెట్రోలు నిండుగా పోయించి, లారీలను తూచు కాటాపై బండి నిలిపితిమి. ఆ కాటా ముందు ఇరుసు బరువును వెనుక ఇరుసు బరువును వేరువేరుగ చెప్పును. చీటీ వచ్చినది. మనుమనిచేత పౌనులను కిలోలుగా మార్పించితిని. ముందు 1,180, వెనుక 1,452, మొత్తము 2,632 కిలోలు. డ్రైవరు తలుపు తెరచినచో ద్వారబంధము కడ చిన్న చీటీ యంటించియుండును. సామాను, మనుష్యులు కలిసి ఇంతకు మించరాదని అందు వ్రాసియుండును. మా బండికి ఆ మితి 510 కిలోలు. కొన్ననాడు తూయించిన ఉత్త బండి 2,030. అనగా 92 కిలోలు అధికము. మనుష్యుల బరువును గూడ సామానులోనే లెక్కింతురని నా కుమారునికి అప్పుడు తెలిసినది.

ఉపాధ్యాయుని పాతబుద్ధి మేలుకొన్నది. అచ్చటనే బల్లపై కూర్చుండి పుస్తకము తీయించి మనుమనిచేత కూడించితిని. గూడు 150, మేము మువ్వురము 180, నీరు 75, బాటరీ 12, చెక్కబల్లయు సొరుగులును 70, శీతలపేటిక తినుబండారములతో 40, పెట్రోలు డబ్బా 15, కట్టెలమోపు 20, తక్కినవి 29. మొత్తము 591. కాటా లెక్కకు 602 రావలెను. పదునొకండు కిలోలు తక్కువ. ఆ కాటా ఇరువదేసి పౌనుల మెట్టుగా చూపును గనుక అది కాటా భేదమని కుమారుడనెను. మనుమడు రెండవమారు కూడెను, తప్పులేదు. నేను వెనుకకు పోయి చూచితిని. నా పెట్టె అక్కడున్నది. అందులో నా పుస్తకములు, మీ అమ్మమ్మలు నాయనమ్మలు ప్రయాణములకు తీసికొనిపోయెడి వంటి ఇత్తడి మరచెంబు. అది నా భార్యది. అన్నిటిని తూచి వ్రాసినవాడు దానిని మాత్రము తూచలేదు.

"నా పెట్టె వ్రాయలేదేమిరా?" అంటిని.

"అది తీసివేయు సామాను కాదు గదా నాన్నగారూ, వ్రాయుట యెందుకనుకొంటిని" అని తల వంచుకొనెను.

నాకు కోపము రాలేదు. కాని బరువు బరువే యని చెప్పి, 11 అని నా చేతితో ఆ పుస్తకములో వ్రాసితిని. పుస్తకములను టపాలో ఇంటికి పంపుదమంటిని, అతడు వినలేదు. అరువది లీటర్ల నీరు అక్కడి చెట్లకు పోసితిమి. పెట్రోలు డబ్బాను కట్టెలమోపును అడిగినవారికి ఇచ్చివేసితిమి. దూరప్రాంతపు కట్టెలతో పురుగులు వ్యాపించును గనుక వానిని దిగినచోటనే కొనుట మేలని అటుపిమ్మట తెలిసినది. ఇప్పుడు 507. ఇరుసు క్రింద గాలిసంచులు పెట్టించినచో సరిపోవునని అక్కడొకరు సలహా చెప్పిరి. గాలిసంచి బండి వెనుకభాగమును ఎత్తిపట్టును గాని బ్రేకులకు, ఇరుసుకు కొత్త బలము నీయదు. చీటీమీది అంకె మారదు. ఎద్దు మెడకు గంట కట్టినంత మాత్రమున దానికి సత్తువ వచ్చునా?

మోయబు కొండలు ఎఱ్ఱనివి, మన గేరుమట్టి రంగు. అక్కడి ప్రభుత్వ భూములలో గుర్తించిన తావులందు బస చేయవచ్చును. సాధారణముగా 14 దినములు గడువు. మలమును సైతము పాత్రలో పట్టి వెంట తీసికొనిపోవలెనను నియమము కొన్ని చోట్ల గలదు. మొదట నాకు రోతగా తోచినను, తరువాత న్యాయముగా తోచినది. ఎఱ్ఱదుమ్ము తొట్టి వెనుకతలుపు సందులనుండి చొరబడి నా పంచెలన్నియు కావిరంగెక్కినవి. సందులకు మెత్తని రబ్బరు పట్టీలు అంటించువరకు నేను సన్న్యాసివలెనే యుంటిని.

రాత్రి చలి మిక్కిలిగా నుండెను. గుడ్డ గోడ సన్ననిది గదా. కిటికీలన్ని బిగించి పండుకొంటిమి. తెల్లవారుసరికి ముగ్గురి ఊపిరి తేమ మూతకు తాకి చల్లబడి బొట్లుబొట్లుగా నా ముఖముమీద పడుచుండెను. మరునాటినుండి ఎదురెదురు కిటికీలు జానెడేసి తెరచియుంచితిమి. చలి కొంచెము పెరిగెను గాని తడి తగ్గినది. తడిసిన గుడ్డను మడిచి మూసినచో బూజు పట్టును. అందుచేత ఇల్లు చేరినవెంటనే మూత లేపి ఎండకు ఆరబెట్టవలెను. వానలో తడిసిన గొడుగును మూసి మూల పెట్టినట్లు చేయరాదు.

ఇక నిప్పు సంగతి. ఇందు హాస్యము చేయను. చలికి తాళలేక లోపల పొయ్యి వెలిగించి తలుపులు మూసికొన్నవారు నిద్రలోనే మరణించుట కలదు. కార్బన్ మోనాక్సైడు అను ఆ విషవాయువునకు రంగులేదు, వాసనలేదు. దానిని కనిపెట్టి కూతపెట్టు చిన్న యంత్రమును పడక ఎత్తున కట్టియుంచినారు. వంటగాసు గాలికంటె బరువైనది, క్రిందికి చేరును. దానికొక యంత్రము నేలకు దగ్గరగ. ప్రతి రాత్రియు పండుకొనుటకు ముందు రెంటి మీటలు నొక్కి కూత వినుట మా మనుమని పని. వంట యంతయు వెలుపలనే. మీ బిడ్డలెవరైన ఇట్టి బండిలో తిరుగుచున్నచో ఈ రెండు యంత్రములున్నవా యని టెలిఫోనులో తప్పక అడుగుడు.

బాటరీ విషయమున ఒక్కమాట. అది నూరు ఆంపియరు గంటలది. శీతలపేటికను ఎండలేకున్నను రెండు దినములు నడపగలిగెను. ఈ జాతి బాటరీని నీరు గడ్డకట్టు చలిలో చార్జి చేయరాదు, చెడును. అందుచేత దానిని గూటిలోపలనే పరుపు ప్రక్కన ఉంచుకొన్నాము, పసిబిడ్డవలె.

తిరిగి వచ్చినపిదప కుమారుడు రెండు నెలల చెక్కపని యంతయు ఊడదీసెను. అతనికెంత కష్టముగా నుండెనో నేను చూచితిని. సొరుగుల మూలలు ఎంతో అందముగా కుదిర్చినాడు. వాని స్థానమున అల్యూమినియపు చట్రము, గుడ్డసంచులు. డెబ్బది కిలోలు ఇరువదియైనవి. అందుచేత నీటిని మరల 60 లీటర్లవరకు నింపుకొనుటకు వీలైనది. నేను స్వదేశము వచ్చుటకు ముందు, జూలైలో, మువ్వురము మరల బయలుదేరితిమి. ఈమారు కొండ ఎక్కకముందే కాటా. 2,532. మితికి ఎనిమిది కిలోలు లోపల, నా పెట్టెతో సహా. సొరంగము దాటగనే కుమారుడు అడుగకుండనే చిన్న గేరు వేసెను. ఆ దిగుడంతయు నేను కిటికీనుండి మంచుకొండలను చూచుచునే వచ్చితిని. ఆ కాటాచీటీ నా పంచాంగములో నేటికిని ఉన్నది.

సెలవు.