మోసేవారి ఒళ్ళు కూడా చూసుకోవాలి

(మదనపల్లెలోనూ, పుంగనూరు, కుప్పం శిబిరాలలోనూ రోగుల కుటుంబ సభ్యులతో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు రోగుల గురించి కాదు, మీ గురించి మాట్లాడదామని వచ్చాను. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు "అటెండర్లు బయటికి వెళ్ళండి" అని నేనే గట్టిగా అరుస్తాను. మీరు సంచీ, ఫ్లాస్కు పట్టుకుని వరండాలోకి పోయి నిలబడతారు. రాత్రి మంచం కింద చాప పరచుకుని పడుకుంటారు. రోగికి జ్వరం ఎంత, బి.పి. ఎంత అని కేసు షీటులో రాస్తాం. మీకు ఎంతో ఎవరూ రాయరు.

కొన్నాళ్ళ క్రితం పుంగనూరు శిబిరానికి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకును చంకన ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు కత్తెరలాగా బిగుసుకుపోయి ఉన్నాయి, మాట లేదు. పరీక్ష అంతా అయ్యాక ఆమె, "సిస్టరమ్మా, వీడిని ఇంకెన్నేళ్ళు మోయాల?" అని అడిగింది. విసుగుతో అడిగిన మాట కాదు. నిజంగా లెక్క తెలుసుకుందామని అడిగింది. మందు ఎన్ని పూటలు వేయాలో చెప్పగలను గానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికి వెళ్ళాక ఆమె మాటే చెవిలో ఉండిపోయింది. అప్పుడు నాకు ఒక తండ్రి కథ జ్ఞాపకం వచ్చింది. ఆ కథ మీకు చెబుతాను.

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో డిక్ హోయ్‌ట్ అనే ఆయన ఉండేవాడు. ఆటగాడేమీ కాదు, నేషనల్ గార్డులో ఉద్యోగి. 1962లో ఆయనకు, భార్య జూడీకి మొదటి బిడ్డ రిక్ పుట్టాడు. పుట్టేటప్పుడు బొడ్డుతాడు మెడకు చుట్టుకుని మెదడుకు ప్రాణవాయువు అందలేదు. బిడ్డ ఎప్పటికీ మొద్దులాగే పడి ఉంటాడు, ఏదైనా ఆశ్రమంలో వదిలేయండి, మీరు ఇంకో బిడ్డను కనండి అన్నారు డాక్టర్లు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. తాము గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే బిడ్డ కళ్ళు తమ వెంబడే తిరగడం వాళ్ళు గమనించారు. డాక్టర్ల కంటికి అది కనబడలేదు. నర్సుగా చెబుతున్నాను, ఇంట్లోవాళ్ళకు కనబడేది మాకు చాలాసార్లు కనబడదు. "వీడు నన్ను చూసి నవ్వుతాడు సిస్టరమ్మా" అని మీరంటే కొట్టివేయకూడదని మా పిల్ల నర్సులకు చెబుతుంటాను.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. సెరిబ్రల్ పాల్సీ అంటే కాన్పుకు ముందో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ. అది అంటువ్యాధి కాదు. గ్రహణం చూసినందుకు రాదు, తల్లి పాపానికి రాదు. అందరిలోనూ కాన్పు కష్టమే కారణమని కూడా కాదు. నెలలు నిండకముందే పుట్టడం, పసికందుకు పచ్చకామెర్లు బాగా ముదరడం, మెదడు జ్వరం ఇలా చాలా ఉన్నాయి. చాలామంది బిడ్డల్లో తెలివి బాగానే ఉంటుంది, దాన్ని బయటపెట్టే దారే ఉండదు.

రిక్ విషయంలోనూ అదే జరిగింది. అక్కడి టఫ్ట్స్ యూనివర్సిటీ ఇంజనీర్ల దగ్గరికి తీసుకుపోతే వాళ్ళు కూడా మొదట నమ్మలేదు. తండ్రి, "వీడికి ఒక హాస్యం చెప్పి చూడండి" అన్నాడు. చెప్పారు. బిడ్డ పగలబడి నవ్వాడు. తరువాత వాళ్ళు ఒక కంప్యూటరు తయారుచేసి ఇచ్చారు. అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, కావలసిన అక్షరం దగ్గర రిక్ తల పక్కకు వంచి మీట తాకిస్తాడు. మొదట "అమ్మా" అంటాడో "నాన్నా" అంటాడో అని ఇంట్లో అందరూ ఎదురుచూశారట. వాడేమో తనకిష్టమైన హాకీ జట్టుకు జేజేలు కొట్టాడు! పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

1977లో రిక్‌కు పదిహేనేళ్ళు. ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఒక క్రీడాకారుడి సహాయార్థం అయిదు మైళ్ళ పరుగు పెట్టారు. తాను కూడా పాల్గొనాలని రిక్ అడిగాడు. తండ్రికి అప్పటికి ముప్పైఆరు, పరుగు అలవాటు లేదు. సరేనని వీల్ చైర్ తోసుకుంటూ పరుగెత్తాడు. చివరినుంచి రెండోవాళ్ళుగా వచ్చారు. ఆ రాత్రి రిక్, పరుగెత్తేటప్పుడు తనకు అంగవైకల్యం ఉన్నట్టే అనిపించలేదని కంప్యూటరు మీద చెప్పాడు. ఆ మాట తండ్రిని నిలవనివ్వలేదు. కొడుకు బడిలో ఉన్నప్పుడు సాధన ఎలా? ఖాళీ వీల్ చైర్‌లో సిమెంటు బస్తా పెట్టి, దాన్ని తోసుకుంటూ రోజూ పరుగెత్తాడు. ఈ కథలో నాకు పతకాలకన్నా ఆ సిమెంటు బస్తానే ఎక్కువ నచ్చుతుంది. చూసేవాళ్ళు ఏమనుకుని ఉంటారో!

తరువాత ఎవరో ఆయన్ని ట్రయాథ్లాన్‌కు రమ్మన్నారు. ట్రయాథ్లాన్ అంటే ఒకే రోజు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు ఆటలు: మొదట ఈత, వెంటనే సైకిల్, వెంటనే పరుగు. ఒలింపిక్స్‌లో ఇది 2000 సంవత్సరం నుంచి ఉంది. అక్కడ ఒకటిన్నర కిలోమీటరు ఈదాలి, 40 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. దీనికి పెద్దన్న ఐరన్‌మాన్ అని ఇంకొకటి ఉంది. 1978లో హవాయి దీవుల్లో మొదలుపెట్టినప్పుడు 15 మంది దిగితే 12 మంది పూర్తిచేశారు. దాంట్లో 3.8 కిలోమీటర్లు ఈత, 180 కిలోమీటర్లు సైకిల్, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. మదనపల్లెలో సైకిల్ ఎక్కినవాడు పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరినా 180కి ఇంకా చాలా బాకీ ఉంటాడు.

డిక్‌కు ఈత రాదు. ఆరేళ్ళ వయసు తరువాత సైకిల్ ఎక్కలేదు. అయినా కొడుకుతో కలిసి అయితేనే వస్తానన్నాడు. చెరువు పక్కన ఇల్లు తీసుకుని నీళ్ళలో దిగితే మొదటిరోజు రాయిలాగా మునిగాడట. నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ఈత రాదనుకోకండి. మన సామర్లకోట గోలి శ్యామల గారు పెద్దవయసులో ఈత పట్టుకుని, 2025 జనవరిలో 52 ఏళ్ళ వయసులో విశాఖ నుంచి కాకినాడ వరకు సముద్రంలో 150 కిలోమీటర్ల ఈత ముగించారు.

1985లో ఫాదర్స్ డే రోజున, తమ రాష్ట్రంలోనే మెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో తండ్రీకొడుకులు మొదటి ట్రయాథ్లాన్ చేశారు. రబ్బరు పడవలో కొడుకును పడుకోబెట్టి, ఆ పడవ తాడు తన ఒంటికి కట్టుకుని తండ్రి ఈదుతాడు. గట్టుకు వచ్చాక బిడ్డను చేతులమీద ఎత్తుకుని, ముందు సీటు ఉన్న ప్రత్యేకమైన సైకిల్‌లో కూర్చోబెడతాడు. అది అయ్యాక వీల్ చైర్ తోస్తూ పరుగు. 1988లో హవాయి ఐరన్‌మాన్‌కు పోయి పూర్తిచేయలేకపోయారు. 1989లో మళ్ళీ పోయి పూర్తిచేశారు. జీవితం మొత్తం మీద వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు. రిక్ 1993లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తీసుకున్నాడు. ఆ చదువు వెనక తల్లి జూడీ ఉంది. వైకల్యం ఉన్న పిల్లలను మామూలు బళ్ళలో చేర్చుకోవాలని ఆమె పోరాడింది. ఆమె పేరు ఎక్కువమందికి తెలియదు. మన దగ్గరా అంతే కదా, మోసేది తల్లి, ఫోటోలో నిలబడేది తండ్రి!

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతికి వస్తున్నాను. 2003లో డిక్‌కు స్వల్పంగా గుండెపోటు వచ్చింది. పరీక్ష చేస్తే ఒక రక్తనాళం 95 శాతం పూడిపోయి ఉంది. ఇంత కసరత్తు ఉన్న ఒళ్ళు కాకపోయి ఉంటే ఎప్పుడో పోయేవాడివన్నారట డాక్టర్లు. అంటే కొడుకు కోసం పెంచుకున్న బలమే తండ్రి ప్రాణం నిలిపింది. ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళు పరుగెత్తి, 2021లో 80 ఏళ్ళ వయసులో చనిపోయాడు. రిక్ 2023లో 61 ఏళ్ళకు వెళ్ళిపోయాడు. ఎదగడన్న బిడ్డ!

ఈ కథ విని రేపు మీరెవరూ చెరువులో దూకవద్దు. అందరికీ డిక్ ఒళ్ళు ఉండదు, ఆ రోడ్లు ఉండవు. బిడ్డను పోటీలకు తీసుకుపోనంత మాత్రాన మీ ప్రేమ తక్కువ కాదు. అయితే ఆయన చేసిన ఒక పని మీరు చేయాలి. మోయడానికి ముందు మోసే ఒళ్ళు తయారుచేసుకున్నాడు. మనవాళ్ళు దీనికి తలకిందులుగా చేస్తారు. మామకు పక్షవాతం వచ్చిందంటే కోడలు తినడం మానేస్తుంది. రోగికి రాగిజావ కాచి, తాను టీ తాగి ఉంటుంది. ఆరునెలలకు నడుం నొప్పి, రక్తహీనత అని ఆమే మా దగ్గరికి వస్తుంది.

రోగిని ఎత్తేటప్పుడు నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. మనిషిని మీ ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎత్తి పట్టుకుని నడుము మెలితిప్పకండి, పాదాలతో తిరగండి. బరువైన మనిషిని ఒంటరిగా ఎత్తవద్దు. దుప్పటి కింద వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపండి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు వస్తాయని చెబుతాం కదా, రాత్రంతా ఒక్కరే ఆ పని చేస్తే ఆమెకు నిద్ర ఎక్కడిది? మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాత రోగిని ప్రభువు దగ్గరికి మోసుకొచ్చినవాళ్ళు నలుగురు. ఇంటి కప్పు విప్పి మంచం దింపింది ఆ నలుగురూ కలిసే. మన ఇళ్ళలో ఆ నాలుగు మూలలూ ఒక్క ఆడమనిషే పట్టుకుంటోంది. బెంగుళూరులో పనిచేసే కొడుకు డబ్బు పంపితే సరిపోదు. నెలకు రెండు రాత్రులు వచ్చి మేలుకోవాలి. టమోటా సీజన్ అని చెప్పే అన్నదమ్ములకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ట్రయాథ్లాన్‌లో ఇంకొక విషయముంది. ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోట పట్టే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే బూట్లు, టోపీ, నీళ్ళ సీసా ముందే వరుసగా పెట్టుకుంటారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పోవడం కూడా అలాంటి మార్పే. డిశ్చార్జి అనగానే ఆనందంగా ఆటో మాట్లాడేస్తారు. ముక్కు గొట్టంలో జావ ఎలా పోయాలో, మూత్రపు సంచీ నడుముకన్నా కిందికే ఎందుకు ఉండాలో, ఫిట్స్ మాత్ర ఒక పూట మరిస్తే ఏం చేయాలో అడగరు. మూడో రోజు రాత్రి మళ్ళీ వస్తారు. డిశ్చార్జికి రెండు రోజుల ముందే మా ఎదుట మీ చేతులతో ఒకసారి చేసి చూపించండి. తప్పు చేస్తే మేం దిద్దుతాం, సిగ్గుపడవద్దు. నోటితో తినే రోగికి వీపు ఎత్తుగా పెట్టి తినిపించి, అరగంట అలాగే కూర్చోబెట్టండి. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. క్షయరోగులు నెలల తరబడి అక్కడే ఉండేవారు. 1950లలో మద్రాసులో చేసిన పరిశోధనలో, ఇంటి దగ్గర ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని తేలింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. రోగికి మేలే జరిగింది. కానీ అప్పటినుంచి ఆసుపత్రి పనిలో సగం మీ ఇంట్లోకి వచ్చింది, జీతం లేకుండా. ఈ సంగతి మా వాళ్ళు కూడా మరిచిపోతుంటారు.

నలభై దాటినవాళ్ళు, బి.పి., షుగరు ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టకండి. డాక్టరుకు చూపించుకుని నడకతో మొదలుపెట్టండి. రోజుకు పది నిమిషాలు, వారం వారం కాస్త పెంచుకుంటూ అరగంట దాకా. రోగిని ఇంకొకరు చూసే ఆ అరగంట కోసం ఇంట్లో పోట్లాడినా తప్పులేదు. ఛాతీలో బరువు, ఎడమ చేయికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. రెండు వారాలుగా నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తూ, చచ్చిపోతే బాగుండును అనిపిస్తుంటే అది విశ్వాసం తక్కువై కాదు. అది కూడా జబ్బే, మందుంది. మాకు చెప్పండి. మాకు చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. బిడ్డకు వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ కోసం ఆలస్యం చేయకండి. మండలంలో భవిత కేంద్రం ఉందేమో బడిలో అడగండి.

పుంగనూరు తల్లి తరువాత నెల మళ్ళీ వచ్చింది. ఈ కథంతా ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ అబ్బాయి వాళ్ళ నాయనకు ఏమిస్తానన్నాడు?" అని అడిగింది. ఎవరో రిక్‌ను అదే అడిగారట. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి తాను తోయాలని ఉందన్నాడు. ఆమె కొడుకు తల నిమురుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన బి.పి. చూడమని చేయి చాపింది. 160 ఉంది. ఆమెకు ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

బయట వరండాలో బల్ల మీద బి.పి. మిషన్ పెట్టించాను. అది రోగులకు కాదు, మీకే. లేచి వెళ్ళేటప్పుడు వరుసలో నిలబడండి.