శిక్షణకు ముందే సెల్‌ఫోనులో మొదటి పాఠం



మన వేములపల్లి ప్రాంతం సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. ఇచ్చట వరిలో సుడిదోమ కనబడిందంటే చాలు, తెల్లవారేసరికి మందు కొట్టే కూలీలు పంపులు భుజాన వేసుకొని మళ్ళలో ఉంటారు. ఆ మందు విషము. దానిని చేతబట్టే మనిషికి శిక్షణ కావలెనని అందరమూ అంటాము. కాని ఒక పూట మన ముందు కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. రెండు గంటలు దొరికితే గొప్ప. అందులో గంటన్నర మనమే మాట్లాడితే ఇక పంపు పట్టించేదెప్పుడు?

కాబట్టి మాటలతో అయ్యే పాఠాన్ని రెండు రోజుల ముందుగానే ఫోనుకు పంపండి. మూడు నిమిషాలకు మించని వీడియో, మన మడిలో, మన మాటలో తీసినది. ఒక్క సంగతే ఉండాలె. ఉదాహరణకు మందు డబ్బా మీది రంగు గుర్తు: ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్ప విషం. అక్షరం రానివారికి కూడా రంగు తెలుస్తుంది. ఆకుపచ్చ గదా అని చేతితో కలపవచ్చునని కాదు సుమా!

వెంటనే, "మీరు కొట్టే మందు డబ్బా ఫొటో తీసి పంపండి" అని అడగండి. వీడియో కంటె ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. ఊరిలో ఏ మందులు నడుస్తున్నవో శిక్షణ ఇచ్చేవారికి ముందే తెలుస్తుంది.

1956లో పూణే ప్రాంతాన అనేక గ్రామాలలో రైతులు రేడియో విని, కూర్చొని చర్చించే ఏర్పాటు జరిగింది. రేడియో ఉండీ చర్చ లేని ఊళ్ళ కంటె ఆ ఊళ్ళే ఎక్కువ నేర్చినట్లు తేలింది. ఫోనుకైనా అంతే. మన రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు వెలసినవి. 2024 మార్చి 6న 110 వేదికలలో తెరమీద శాస్త్రవేత్తలతో మాట్లాడించే 'రైతు నేస్తం' మొదలైంది. పెద్ద ఫోను లేని కూలీలను ఆ వేదిక వద్దకో, ముఠా మేస్త్రి ఇంటి అరుగు మీదికో సాయంత్రం పిలిచి, వీడియో చూపించి, ప్రశ్నలు అడగనివ్వండి.

శిక్షణనాడు ఉపన్యాసం వద్దు. నేరుగా మడిలో దిగండి. దుబ్బు విడదీసి మొదట్లో దోమను వారిచేతనే వెతికించండి. పంపులో ముందు మంచినీళ్ళే పోసి నడిపించండి. మొదళ్ళు తడిసినవో, పై ఆకులే తడిసినవో వంగి చూడండి. గాలికి ఎదురుగా కొట్టేవానిని భుజం పట్టి తిప్పండి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ అక్కడే తొడిగించండి. వానాకాలం నాట్లు ముగిసేలోగా వీడియో సిద్ధం చేసుకుంటే దోమ వచ్చేనాటికి పనికి వస్తుంది.