డిపాజిట్ పథకాలు – పాల సంఘాల సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

(మడకశిరలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఆడిట్ గురించి మాట్లాడమన్నారు. ఆడిట్ సంగతి కార్యదర్శులతో విడిగా మాట్లాడుకుంటాము. సంఘం పుస్తకాలు సరిగా ఉండి కూడా సభ్యుని ఇంట్లో డబ్బు మాయమయ్యే విషయం ఒకటి ఉన్నది. ఈ రోజు దానిని గురించే చెప్పదలచాము.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. ఆ కాస్తా సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. శెనక్కాయ డబ్బు ఏడాదికొకసారి, అదీ పంట నిలిస్తేనే. పాల బిల్లు మాత్రం పదిహేను రోజులకొకసారి చేతికి వస్తుంది. అందుచేతనే కిస్తులు వసూలు చేసేవారి కన్ను పాల బిల్లు ఇచ్చే రోజు మీద ఉంటుంది. శెనక్కాయ రైతు దగ్గర నెలనెలా కిస్తు పుట్టదని వారికి బాగా తెలుసు.

అగ్రిగోల్డ్ పేరు ఇక్కడ వినని వారుండరు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థల సముదాయం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మొదలైన రాష్ట్రాలలో సుమారు 32 లక్షల ఖాతాదారుల నుండి దాదాపు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ప్రకటించింది. సెబి అనుమతి లేకుండా సామూహిక పెట్టుబడి పథకం నడిపారని, సెబి అభ్యంతరం చెప్పిన తరువాత ‘ప్లాటుకు అడ్వాన్సు’ అని పేరు మార్చి వసూళ్ళు సాగించారని ఆ శాఖ ఆరోపణ. చెల్లింపులు నిలిచిపోయాయి. సంస్థ అధిపతిని 2016లో సి.ఐ.డి. అరెస్టు చేసింది. పదివేల రూపాయల లోపు కట్టిన వారికి 2019లోను, ఇరవై వేల లోపు వారికి 2021లోను రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుండి చెల్లించింది. అంటే ఆ సంస్థ మొఖం చూడని వారి పన్నుల డబ్బు కూడా అందులో పోయింది. జప్తు చేసిన ఆస్తులలో కొన్నిటిని బాధితులకు చెల్లించే నిమిత్తం 2025లో సి.ఐ.డి.కి అప్పగించారు. కట్టినవారు ఎన్నేళ్ళు ఎదురు చూశారో లెక్క వేసుకోండి.

చదువులేక మోసపోయారని పట్నాలలో అంటారు. మేము ఒప్పుకోము. ఏజెంటు మన ఊరివాడే, మన బంధువే. ఆఫీసు ఉన్నది, బాండు ఉన్నది, భూమి చూపించారు. పైగా మన ఊళ్ళలో అప్పంటే నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24. అంత వడ్డీ కట్టి అలవాటు పడిన రైతుకు ‘అయిదేళ్ళలో రెట్టింపు’ అంటే వింతగా తోచదు. అది ఏడాదికి ఇంచుమించు 15 శాతం చక్రవడ్డీ. ఇవ్వవచ్చులే అనిపిస్తుంది.

ఎక్కడి నుండి ఇవ్వాలి? భూమి మీద, చెట్ల మీద అన్నారు. ఏ ఏడూ తప్పకుండా నూటికి 15 మిగిల్చే చేను మడకశిర తాలూకా మొత్తంలో ఎవరికైనా ఉన్నదా? ఉంటే చేతులెత్తండి. (నవ్వులు) ఈ ప్రశ్న అడగడానికి డిప్లొమా అక్కరలేదు, నాలుగేళ్ళు సేద్యం చేసి ఉంటే చాలు. రాబడి పుట్టని చోట పాత సభ్యునికి ఇచ్చేది కొత్త సభ్యుడు కట్టిన సొమ్మే. కొత్తవారు తగ్గిన రోజున అది ఆగుతుంది.

ఇక చట్టం మాట. గొలుసు పథకాలను 1978లోనే నిషేధించారు. 1999లో మన రాష్ట్రం డిపాజిటర్ల రక్షణ చట్టం చేసింది. అది ముఖ్యంగా సొమ్ము ఎగవేసిన తరువాత ఆస్తుల జప్తుకు పనికి వచ్చేది. కేంద్రం 2019లో చేసిన చట్టం ప్రకారం, నియంత్రణలో లేని డిపాజిట్ పథకం నడపడమే నేరం. డిపాజిట్లు తీసుకుంటే రెండు నుండి ఏడేళ్ళ జైలు. చేరమని జనాన్ని పురికొల్పినవారికి ఒకటి నుండి అయిదేళ్ళు. ‘నేను కమీషన్ ఏజెంటును మాత్రమే’ అనే మాట ఇక చెల్లదు.

ఇంత కట్టడి దేనికి, ఎవరి డబ్బు వారిష్టం అనేవారు ఉన్నారు. కట్టడి ఎక్కువైతే ఊళ్ళలో నమ్మకం మీద నడిచే చిన్న సర్దుబాట్లు దెబ్బతింటాయని కూడా అంటారు. రెండవ మాటలో కొంత నిజం ఉన్నది. అందుకే బంధువుల చేబదుళ్ళను 2019 చట్టం వదలిపెట్టింది. కాని స్థలం కోసం ఒప్పందం మీద తీసుకొని, ఆ స్థలం వెలలో సర్దే అడ్వాన్సు కూడా డిపాజిట్ కాదన్నది. నిజంగా స్థలం కొనేవారికి అది అవసరమే. అయినా వెనుక మోసం దూరింది ఆ వాకిలి గుండానే. అక్కడ కాపలా ఇంకా గట్టిగా ఉండాలని మా అభిప్రాయం. సెబి ఒకటి, రిజర్వు బ్యాంకు ఒకటి, చిట్లకు రిజిస్ట్రారు వేరు, పోలీసులు వేరు. పేరు మార్చినప్పుడల్లా ‘ఇది మా పరిధి కాదు’ అనే జవాబు వస్తే రైతు ఎక్కడికి పోవాలి?

సహకార శాఖ వాళ్ళం గనుక మా వైపు సంగతి దాచము. సహకార అనే బోర్డు కూడా రక్షణ కాదు. హైదరాబాదులో కృషి సహకార అర్బన్ బ్యాంకు 2001లో కూలినప్పుడు వీధిన పడింది మామూలు డిపాజిటర్లే. ఇప్పుడు బ్యాంకు డిపాజిట్లకు, అర్బన్ సహకార బ్యాంకులతో సహా, అయిదు లక్షల దాకా బీమా ఉన్నది. ప్రాథమిక సంఘాలలో దాచిన పొదుపుకు ఆ బీమా లేదు. అక్కడ కాపలా కాయవలసింది సభ్యులే.

మీరు కేంద్రంలో పాలు పోసినప్పుడు కొలత చూస్తారు, వెన్న శాతం అడుగుతారు, అర పాయింటు తగ్గితే కార్యదర్శితో వాదులాడుతారు. మంచిదే. పదివేలు అప్పగించేటప్పుడు ‘ఎవరి అనుమతి, నంబరు ఎంత’ అని ఒక్క మాట అడగడానికి మొహమాటపడతారు! కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తే అది డిపాజిట్లు తీసుకొనే అనుమతి కాదు. రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ వెబ్‌సైటులో వివరం చూడవచ్చు, ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీ పిల్లల ఫోనులో అయిదు నిమిషాల పని.

చివరిగా పాలకవర్గాలకు ఒక మనవి. పాల బిల్లు పంచే రోజున కేంద్రం అరుగు మీద ఏ ఏజెంటునూ కూర్చోనివ్వరాదు. సంఘం కార్యదర్శి గాని, టెస్టరు గాని ఇటువంటి పథకాలకు ఏజెంటుగా ఉండరాదు. బిల్లులో నుండి బయటివారి కిస్తులు పట్టుకోరాదు. ఈ మూడింటినీ తీర్మానంగా వచ్చే మహాసభ అజెండాలో చేర్చండి. నకలు మా కార్యాలయానికి పంపితే తనిఖీకి వచ్చినప్పుడు మినిట్స్ పుస్తకంలో మొదట ఆ పేజీనే చూస్తాము.