క్లచ్ పోయిందా? బండి విప్పకముందు చూడవలసినవి
(ఆదివారం జరిగిన సభ్యుల సమావేశంలో మెయింటెనెన్సు ఫిట్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మిల్లు కార్మికుల సభలో ట్రాక్టరు క్లచ్ మాటేమిటని కొందరు నవ్వవచ్చు. మనలో చాలామందిమి హిందూపురం, మడకశిర, మదనపల్లె, ముళబాగిలు వైపు నుంచి బెంగళూరుకు బతకవచ్చినవాళ్ళం. ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంటుంది. 1884లో పుట్టిన బిన్నీ బట్టల మిల్లు అంతటిదే మూతపడి, బిన్నీపేట అనే పేరు మాత్రం మిగిలింది. మిల్లు మూతపడి లెక్క చేతికొచ్చినప్పుడు ఊరికి పోయి పాత పవర్ టిల్లరో, చిన్న ట్రాక్టరో కొన్నవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. 1967లో ఈ బెంగళూరులోనే మొదలైన వి.ఎస్.టి. కంపెనీ, జపాన్ మిత్సుబిషీతో కలిసి తెచ్చిన శక్తి టిల్లర్లు, చిన్న ట్రాక్టర్లు చేతులు మారి మారి మన దగ్గరికి వస్తుంటాయి.

మన తోటి కార్మికుడు ఒకాయన అలాగే పాత చిన్న ట్రాక్టరు కొన్నాడు. దుక్కిలో ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. మెకానిక్కు చూసీ చూడగానే "క్లచ్ పోయింది" అన్నాడు. బండిని నడుం దగ్గర విడదీసి కొత్త ప్లేటు వేశాడు. పదిహేను రోజులకు మళ్ళీ అదే రోగం. మళ్ళీ విప్పితే కొత్త ప్లేటు ఆయిల్లో నాని ఉంది. కారుతున్న ఆయిల్ సీలును మొదటిసారి ఎవరూ చూడలేదు. డబ్బు రెండుసార్లు పోయింది, అదునూ పోయింది. అందుకే నేను చెప్పేది ఒక్కటే: బయటి నుంచి లోపలికి, చవక పని నుంచి ఖరీదు పనికి వెళ్ళండి.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి. క్లచ్‌కు రెండు రోగాలు, ఒకదానికొకటి ఎదురు. మొదటిది జారడం. ఇంజను వేగం పెరుగుతుంది, బండి లాగదు, మాడు వాసన వస్తుంది. రెండోది విడవకపోవడం. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు కరకరలాడుతుంది, బండి ముందుకు పాకుతుంది. ఒకదాని మందు రెండోదానికి వేస్తే రోగం ముదురుతుంది.

జారుతున్నది టిల్లరైతే మొదట బెల్టులు చూడండి. ఇంజను నుంచి క్లచ్‌కు శక్తి వచ్చేది బెల్టుల మీదుగానే. రింగు ఫ్రేము మీద స్పిండిల్ టేపు వదులైతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. స్పిండిల్ వేగం తగ్గి నూలుకు పురి తగ్గుతుంది. తప్పు స్పిండిల్‌ది కాదు, టేపుది. ఇక్కడా అంతే. ఇంజను ఆపి, చల్లారాక, కవరు తీసి చూడండి. వి-బెల్టు పట్టు దాని పక్కల్లో ఉంటుంది. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, బెల్టు అరిగి గాడి అడుగుకు దిగినా జారుతుంది. మార్చేటప్పుడు ఒక్కటి కాదు, సెట్టు మొత్తం మార్చాలి. లేకపోతే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

ట్రాక్టరైతే పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. గట్టిపడేలోపు కొంత వదులు ఉండాలి. దాన్నే ఫ్రీ ప్లే అంటారు. చిన్న ట్రాక్టర్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంతే లెక్క. ప్లేటు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గుతుంది. అసలే లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉండి జారుతుంది. మరీ ఎక్కువైతే విడవదు. కడ్డీ మీది నట్టు తిప్పి సరిచేయడానికి ఒక స్పానరు చాలు. పెడల్ మీద కాలు పెట్టి దున్నే అలవాటు ఉంటే అది కూడా మానాలి.

తరువాత కడ్డీలు, పిన్నులు, స్ప్రింగు చూడండి. తుప్పుపట్టి పెడల్ పైకి రాకపోయినా జారుతుంది. పిన్నులు అరిగితే పెడల్ తొక్కినా లోపలిదాకా పని అందదు.

ఇంజనుకూ గేరు పెట్టెకూ మధ్య భాగం అడుగున ఆయిల్ చుక్కలు పడుతున్నాయేమో చూడండి. పడుతుంటే సీలు పోయినట్టే. విప్పక తప్పదు గానీ సీలు మార్చకుండా ప్లేటు వేయనివ్వకండి. ఇక శబ్దం సంగతి. పెడల్ తొక్కినప్పుడే గరగరమంటే రిలీజ్ బేరింగును అనుమానించండి. తొక్కగానే శబ్దం ఆగిపోతే గేరు పెట్టె ముందు బేరింగును చూడాలి.

వానాకాలమంతా కదలకుండా నిలిచిన బండిలో ప్లేటు తుప్పుతో అతుక్కుని విడవకపోవచ్చు. నిలిపి ఉంచేటప్పుడు పెడల్‌ను తొక్కి, కట్టెముక్క అడ్డుపెట్టి ఉంచితే ఆ బాధ ఉండదు.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పాత క్లచ్ లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. విప్పినప్పుడు ఆ నల్లటి దుమ్మును నోటితో ఊదకండి, గాలి పంపుతో కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. దూది దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో బ్లోరూములో, కార్డింగులో పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా? మిల్లులో దుమ్ము మింగి సంపాదించిన డబ్బుతో కొన్న బండి మళ్ళీ దుమ్ము మింగించకూడదు.

ఇంజను నడుస్తుండగా బెల్టు దగ్గర చెయ్యి పెట్టకండి. లుంగీ, తువ్వాలు కట్టుకుని యంత్రం దగ్గరికి పోకండి. ఇవన్నీ చూసుకున్నాకే మెకానిక్కును పిలవండి. అప్పుడు "క్లచ్ పోయింది" అన్న మాట విని తల ఊపడం కాకుండా, "ఏం పోయింది, ఎందుకు పోయింది, చూపించు" అని అడగగలుగుతారు. విప్పిన పాత భాగాలు ఇంటికి తెచ్చుకోండి.

అనుమానం ఉన్నవాళ్ళు సభ అయ్యాక నా దగ్గరికి రండి. సెలవు.