కుట్టు మీద నిలిచే ప్రాణం
(బస్తర్ ప్రాంత కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే రైలుమార్గం మనలో అనేకులకు అన్నం పెట్టినది. బైలాదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపుటకై 1960 దశకంలో తూర్పు కనుమలను తొలిచి వేసిన మార్గమిది. తరువాత విద్యుదీకరణతో 25 వేల వోల్టుల తీగ కొండలు దాటి బస్తర్‌లో ప్రవేశించినది. ఆ తీగను కనిపెట్టుకొని ఉండే సిబ్బంది స్తంభాలు ఎక్కక తప్పదు. 1985లో తపాలా, టెలికం శాఖలు వేరుపడక మునుపు తంతి స్తంభం ఎక్కిన లైన్‌మన్ కూడ మన తపాలా కుటుంబంలోని వాడే. ఎత్తున పనిచేసే వాని రక్షణ సామగ్రి ఎక్కడ, ఎట్లా తయారవుతున్నదన్నది మనకు పరాయి ప్రశ్న కాదు.

మనకంటె ఎంతో ముందునుండి ఈ నేలపై ఎత్తులెక్కుతున్నవారు సల్ఫీ గీసే ఆదివాసులు. సల్ఫీ అంటే మన జీలుగు చెట్టే. నిడుపైన వెదురును కాండానికి కట్టి, కణుపుల వద్ద మిగిల్చిన కొమ్మ మొదళ్ళపై కాలు మోపి ఎక్కుతారు. కాలు జారితే పట్టుకొనేది ఏదీ లేదు. తెలంగాణ గీత కార్మికునికి మోకైనా ఉన్నది; అయినా తాటిచెట్టుపై నుండి పడి నడుము విరిగి మంచాన పడినవారు లేని తాలూకా అక్కడ అరుదు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట గీత కార్మికులకు రక్షణ సామగ్రి పంపిణీ ప్రారంభించినది. పర్వతారోహకులు వాడే తరహా సామగ్రి తాటిచెట్టు దాకా వచ్చినది. సల్ఫీ చెట్టు దాకా ఎప్పుడు వస్తుంది?

దీనిని ఇక్కడనే తయారు చేయలేమా అని మమ్ములను అడిగినవారున్నారు. హార్నెస్ అనగా ఏమిటో చూడండి. మంచానికి అల్లే నవారు వంటి పట్టీలే, నైలాన్‌వో పాలియెస్టర్‌వో; భుజాలను, తొడలను చుట్టి వీపు వద్ద ఒక ఇనుప కడియంలో కలుస్తాయి. మిగిలినదంతా కుట్టుపనే. దంతెవాడ జిల్లా గీదం దగ్గర 2021లో ‘డానెక్స్’ అనే దుస్తుల తయారీ కేంద్రం మొదలై, స్థానిక మహిళలు మిషన్లపై కూర్చున్నారు. కుట్టగల చేతులు బస్తర్‌లో ఉన్నవని వేరుగా రుజువు చేయవలసిన పని లేదు.

అయితే చొక్కా కుట్టు విడితే గుండీ ఊడుతుంది. హార్నెస్ కుట్టు విడితే మనిషి పోతాడు. రెండు మీటర్లు పడేసరికి మనిషి వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. దానికి అర సెకనుకు కొంచెం పైగా చాలును. ఆ వేగాన్ని ఒక్కసారిగా ఆపితే తాడు తెగకపోయినా లోపలి అవయవాలు చితుకుతాయి. అందుకే పొట్టి తాడు వెంట, మడిచి కుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. అది కుట్టు కుట్టుగా చిరుగుతూ దెబ్బను మింగుతుంది. యూరపు ప్రమాణం ప్రకారం ఆ దెబ్బ సుమారు 600 కిలోల బరువును మించరాదు. గమనించండి, ఇక్కడ చిరగడమే ఆ కుట్టు పని. ఎక్కువ గట్టిగా కుట్టినా తప్పే, తక్కువ గట్టిగా కుట్టినా తప్పే. ఇది కంటితో తేలదు. బరువైన బొమ్మను పైనుండి పడవేసి పరీక్షించాలి.

మాలో పాతవారు నడుముకు ఒక్క బెల్టు బిగించి స్తంభమెక్కేవారు. పడితే ఆ బెల్టే నడుమును విరిచేది, లేదా చంకల మీదుగా జారిపోయేది. దానినే రక్షణ అని మాకు ఇచ్చిన రోజులు మరువలేము.

కనుక గ్రామంలో తయారీని మేము మనసారా కోరుతున్నాము, కాని రెండు విషయాలలో రాజీపడము. మొదటిది: ఈ పనిని ముక్కకు ఇంత కూలి అనే పద్ధతిలో ఇవ్వరాదు. జతకు నాలుగు రూపాయల కోసం తొందరపడే చేయి రెండు కుట్లు వదిలితే తప్పు ఆ అక్కది కాదు, ఆ లెక్క వేసినవానిది. నెల జీతం, మిషన్ మరమ్మతు, కుట్లు లెక్కించుటకు తీరిక ఇవి సామగ్రిలో భాగములే. రెండవది: ప్రతి విడత నుండి నమూనా తీసి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3521 ప్రకారం పరీక్షింపజేయాలి. ఊరి కమ్మరి నైపుణ్యంపై మాకు ఎంతో గౌరవమున్నది. కొండగావ్ ఇనుప బొమ్మలు లోకమెరిగినవి. అయినా కొక్కెములు మాత్రం బలం పరీక్షించి ముద్ర వేసినవే కొని తేవాలి. మన బైలాదిల్లా ఖనిజమే ఎక్కడెక్కడో కరిగి కొక్కెమై తిరిగి రావడం చూస్తే నవ్వూ వస్తుంది, కడుపూ మండుతుంది.

ఇక వాడుకలో మన బాధ్యత. పట్టీ రంగుకు భిన్నమైన రంగు దారంతో కుట్టిన హార్నెస్‌నే అడగండి. తెగిన పోగు వెంటనే కనబడుతుంది. ఎక్కే ముందు ప్రతిసారీ వ్రేలితో తడిమి చూడండి. ఒకసారి పడిన మనిషిని ఆపిన హార్నెస్ పైకి బాగానే ఉన్నా ఇక పనికిరాదు. అక్కడనే కత్తిరించి పారవేయండి. స్టోర్సువారు లెక్క అడుగుతారని దాచకండి. ముక్కలను వారి బల్ల మీదనే పెట్టి రసీదు తీసుకోండి.