మొండి గుర్రం – చిన్న రౌతు

హోసూరు దగ్గరి మత్తిగిరి పశువుల ఫారం 1824లో సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే చోటుగా మొదలైంది. 2004 వరకు అది మన ధర్మపురి జిల్లాలోనిదే. గుర్రం మనకు కొత్త కాదు. అయినా పిల్లను పొట్టిగుర్రం ఎక్కించి, అది మొరాయిస్తే వెంటనే బెత్తం వెతుకుతాం!

కాస్త ఆగండి. భయంతో పిల్ల కళ్లెం వెనక్కి లాగుతుంది, మడమలతో ముందుకు పొడుస్తుంది. ఆగమన్నట్టా, పొమ్మన్నట్టా? పాపం, దానికేం అర్థమవుతుంది!

మీరు మెడ పక్కన నిలబడండి. సరిగ్గా వెనుక ఉన్నది గుర్రానికి కనబడదు. తాడు పట్టుకోండి, లాగకండి. పగ్గాలు వదులు చేసి, ఎదుటి చింతచెట్టు వైపు చూస్తూ, మెల్లగా మడమ తాకించమని పిల్లకు చెప్పండి. ఒక్క అడుగు పడగానే తాకించడం ఆపాలి. గుర్రానికి అదే మెప్పు. ఆ అడుగు తన మాటకే పడిందని పిల్లకూ తెలుస్తుంది. మర్నాడు మిమ్మల్ని తాడు వదిలేయమంటుంది. అప్పుడే వదలకండి.