పాలకొల్లు మాండలిన్, బొంబాయి కచేరీ

(సికింద్రాబాదులో మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడతాననుకుని వచ్చిన వారు నన్ను మన్నించాలి. నాకు అప్పగించిన విషయం సంగీతం. అదీ ఊరికే కాదు. వచ్చే నెల మన వార్షికోత్సవంలో సంగీత కార్యక్రమం ఎలా ఉండాలనే దగ్గర కమిటీ రెండుగా చీలింది. కీబోర్డు ఒకటి, పెన్‌డ్రైవులో ట్రాకు ఒకటి ఉంటే చాలు, తబలా మృదంగం వాళ్ళకిచ్చే డబ్బు మిగులుతుందని ఒక పక్షం. కరెంటుతో పనిచేసే వాయిద్యం ఏదీ వేదిక ఎక్కకూడదని రెండో పక్షం. సిగ్నల్ అండ్ టెలికాం విభాగంలో ముప్పై నాలుగేళ్ళు వైర్లతో, రిలేలతో కాలక్షేపం చేసిన వాణ్ణి గనుక నన్ను తీర్పరిగా పిలిచారు. దాచుకోవడం ఎందుకు, రెండు పక్షాల మాటా నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పడానికి ఒక కచేరీని ముందు పెట్టుకుంటాను.

2000 సంవత్సరం డిసెంబరులో బొంబాయిలో 'రిమెంబర్ శక్తి' అనే బృందం వాయించింది. ఆ రికార్డు మరుసటి ఏడు 'శాటర్డే నైట్ ఇన్ బాంబే' పేరుతో వచ్చింది. ఇంగ్లండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ చేతిలో ఎలక్ట్రిక్ గిటారు. జాకీర్ హుస్సేన్ తబలా. ఘటం విద్వాన్ విక్కు వినాయక్‌రామ్ గారి కుమారుడు సెల్వగణేశ్ కంజీర. కాశ్మీరు సంతూర్‌తో శివకుమార్ శర్మ గారు అతిథిగా వచ్చారు. తవిల్ కూడా ఉంది. వీరందరి మధ్య చిరునవ్వుతో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది మన పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆ సభలో శంకర్ మహదేవన్ పాడిన వాటిలో ఒకటి త్యాగరాజస్వామి వారి 'గిరిరాజసుతా తనయ'. అంత మంది, అన్ని దేశాల వాయిద్యాలు, నడుమ తెలుగు కీర్తన!

శ్రీనివాస్ సంగతి కొంచెం విపులంగా చెప్పుకోవాలి. ఆయన 1969లో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్‌ను ఆరేళ్ళ వయసులో చేతిలోకి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, ఆ పాడినది పాడినట్టు పిల్లవాడు తీగ మీద పలికించాలి. నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. వాయిద్యానికి ఏది సులభమో అది నేర్పితే పిల్లవాడు వాయిద్యానికి లొంగిపోయేవాడు. గొంతు ఏం చేస్తుందో అది చెయ్యమన్నారు గనుక వాయిద్యమే పిల్లవాడికి లొంగవలసి వచ్చింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ. 1981లో మద్రాసు సభ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, అప్పటికి ఆ అబ్బాయికి పద్నాలుగేళ్ళు. 1998లో పద్మశ్రీ.

ఇప్పుడు నా శాఖ సంగతి. మామూలు మాండలిన్‌కు తీగలు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే 'టింగు'మని పలికి అణిగిపోతుంది. మన సంగీతంలో స్వరం ఒక చోట నిలబడి ఉండేది కాదు, ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. అదే గమకం. జత తీగలను పక్కకు లాగితే రెండూ ఒకే శ్రుతిలో లాగబడవు. లాగినా నాదం అంతసేపు నిలవదు. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. మందరం కోసం ఇంకొకటి చేర్చి అయిదు చేసుకున్నారు. బోలు డొక్కకు బదులు గట్టి చెక్క, తీగల కింద పికప్. ఆ పికప్ అంటే కొత్త వింత ఏమీ కాదు. అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మన పాత టెలిఫోను రిసీవరులో ఇదే పని తలకిందులుగా జరిగేది, అక్కడ విద్యుత్తు వస్తే రేకు కదిలేది. గట్టి చెక్క గనుక తీగలోని శక్తి తొందరగా ఖర్చు కాదు, నాదం నిలుస్తుంది. బిగ్గరగా వినిపించే బాధ్యత స్పీకరు చూసుకుంటుంది. ఇక వేలికి మిగిలిన పని గమకమే.

అంటే ఏమిటి? కరెంటు మన సంగీతాన్ని పాడు చెయ్యలేదు. మాండలిన్‌కు లేని గొంతును ఇచ్చింది. కనుక రెండో పక్షం మిత్రులారా, ప్లగ్గు ఉన్నంత మాత్రాన పరాయిది అనడానికి వీలు లేదు. మనం ఇంట్లో పిల్లల సంగీత పాఠానికి పెట్టుకునే శ్రుతి పెట్టెకు కూడా ప్లగ్గు ఉంది!

ఎలక్ట్రిక్ వేరు, ఎలక్ట్రానిక్ వేరు అని ఎవరో వెనక నుంచి అంటున్నారు. నిజమే. మొదటి దానిలో నాదం తీగ పుట్టిస్తుంది, రెండో దానిలో సర్క్యూట్టే పుట్టిస్తుంది. శ్రీనివాస్ దానికీ జంకలేదు. 1995లో 'డ్రీమ్' అనే రికార్డును మైకేల్ బ్రూక్‌తో కలిసి చేశారు. ఆయన కెనడా వారు, గిటారు తీగ నాదం ఆగకుండా నిలిచేటట్టు ఎలక్ట్రానిక్ ఏర్పాటు చేసుకున్న మనిషి. విడుదల చేసినది పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. 1970లలో మొదటి 'శక్తి' బృందం కోసం మెక్‌లాఫ్లిన్ తన గిటారునే మార్పించుకున్నారు. మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించి, తీగను వీణలో లాగినట్టు లాగడానికి వీలు చేసుకున్నారు, వీటికి తోడు అనునాదం కోసం అదనపు తీగలు. మన దగ్గరకు వచ్చేవాడు తన వాయిద్యాన్ని కోసుకుని వచ్చాడు. దాన్ని నేను గౌరవం అంటాను.

ఇక మొదటి పక్షం వారి వంతు. కీబోర్డులో మీట నొక్కితే స్వరం, వదిలితే మౌనం. షడ్జం వంద అనుకుంటే సహజమైన అంతర గాంధారం నూట ఇరవై అయిదు. కీబోర్డులో అది దాదాపు నూట ఇరవై ఆరు. వందలో ఒకటి తేడాకు గొడవా అనుకోకండి, తంబురా పక్కన పెట్టి వింటే చెవికి తెలుస్తుంది. ఈ కారణం చేతనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గాని సడలించలేదు. అయినా మన ఊళ్ళలో పద్యనాటకం హార్మోనియం లేకుండా నడిచిందా? ఎందుకు నడిచిందంటే ఆ హార్మోనిస్టు నటుడి నోరు చూస్తూ కూర్చునేవాడు. నటుడు రాగం పెంచితే పెంచేవాడు, దమ్ము చాలక తుంచితే తుంచేవాడు, వన్స్‌మోర్ అంటే మళ్ళీ అందుకునేవాడు. పెన్‌డ్రైవుకు ఆ కళ్ళు లేవు. అది మొదలు పెట్టాక గాయకుడికి దగ్గు వచ్చినా ఆగదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మన సభ్యుడొకాయన మృదంగం వాయిస్తారని మీ అందరికీ తెలుసు. ట్రాకు మాట వచ్చిన రోజు నుంచి ఆయన మీటింగులకు రావడం తగ్గించారు. నేను ఇంటికి పిలిచాను. మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు, లాప్‌టాప్‌లో సంగీతం కడతాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మనవడు నిమిషానికి ఎనభై దెబ్బల తాళం పెట్టాడు. మా మిత్రుడు రెండు ఆవర్తాలు వాయించి, "బాబూ, దాన్ని ఒక్క క్షణం ఆగమను, ఇక్కడ నేను మోహరా వేసుకోవాలి" అన్నారు. "అది ఆగదు తాతగారూ, మీరే దానితో కలవాలి" అన్నాడు వీడు. ఆయన మృదంగం పక్కన పెట్టేశారు.

కాఫీ అయ్యాక మనవడే ఒక మాట అన్నాడు: "తాళం తీసేస్తాను తాతగారూ, మీరే వెయ్యండి." షడ్జ పంచమాలు మాత్రం నిలిపి, దాని మీద గాలిలాంటి నాదం ఒకటి చేత్తో పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్నాడు. తెర మీద నుంచి కళ్ళు తీసి ఆయన వేళ్ళ మీద పెట్టాడు. ముప్పావు గంట వాయించారు. మా ఆవిడ వంటింట్లో కుక్కరు ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. కీబోర్డుకు గాని, లాప్‌టాప్‌కు గాని అభ్యంతరం చెప్పవద్దు. వాటి వెనక మనిషి కూర్చోవాలి. తాళం మాత్రం చేతివాయిద్యం వారిదే. తబలా ఆయనకు ఇవ్వవలసినది ఇచ్చేద్దాం. ఆయన మన సభ్యుడు కాదు, పింఛను లేదు, ఇటువంటి నాలుగు కార్యక్రమాల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. ఆ ఖర్చు పూలదండల్లో తగ్గించుకోవచ్చు. అధ్యక్షుల వారు ఏమీ అనుకోరని ఆశ. (నవ్వులు)

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే పోయారు. శివకుమార్ శర్మ గారు 2022లో, జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబరులో వెళ్ళిపోయారు. శక్తి బృందం 2023లో విడుదల చేసిన 'దిస్ మూమెంట్'కు మరుసటి ఏడు గ్రామీ బహుమతి వచ్చింది. అందులో శ్రీనివాస్ లేరు.

ఇప్పుడు త్యాగరాజ కీర్తన భాగం వినిపిస్తాను. వినికిడి యంత్రాలు పెట్టుకున్నవారు దయచేసి స్పీకర్ల ఎదురుగా కాక నాలుగో వరుస నుంచి వెనక్కి కూర్చోండి, పెద్ద శబ్దానికి వాటిలో ధ్వని చెదురుతుంది. విన్న తరువాతే చేతులెత్తే కార్యక్రమం పెట్టుకుందాం. కార్యదర్శి గారూ, ఆ మూల ఫ్యాను చప్పుడు చేస్తోంది, కాసేపు ఆపించండి.